పరుగులో డొక్క పోటు: కారణం తెలుసుకున్న తీరు

ఈ పోటు పరుగు మొదలుపెట్టిన వెంటనే రాదు. మొదటి చుట్టు హాయిగా సాగుతుంది, రెండో చుట్టులోనూ ఊపిరి బాగానే అందుతుంది. మూడో చుట్టు మలుపు దగ్గరికి వచ్చేసరికి కుడి డొక్కలో, చివరి పక్కటెముక కింద పోటు మొదలవుతుంది. అడుగు పడినప్పుడల్లా పొడుస్తుంది. గట్టిగా గాలి పీల్చబోతే ఇంకా ఎక్కువవుతుంది. ఆగి, నడుము వంచి నిలబడితే కాసేపటికి పోతుంది. కానీ కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో, అంటే ఉద్యోగానికి పెట్టే దేహదారుఢ్య పరీక్షల్లో, ఆగే వీలెక్కడిది? తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాల్సి ఉండేది. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు చుట్లు. మూడో చుట్టులో పట్టుకునే నొప్పి ఉద్యోగానికే అడ్డుపడినట్టు.

హనుమకొండలో నాతో పాటు సాధన చేసేవాళ్లలో చాలామందికి ఈ పోటు అనుభవమే. కారణం మాత్రం ఒక్కొక్కరూ ఒక్కోటి చెప్పేవారు. గ్యాస్ అని ఒకరు, కాలేయం వాచి ఉంటుందని ఒకరు. "నీకు దమ్ము చాలట్లేదు తమ్ముడూ, ఇంకో రెండు చుట్లు ఎక్కువ కొట్టు" అని సీనియర్లు. కుడివైపు అనగానే మా అమ్మకు అపెండిక్స్ భయం పట్టుకుంది. కొందరైతే పరుగుకు ముందు నొప్పి మాత్ర వేసుకునేవారు. ఇప్పటికీ అది చూస్తే నాకు మనసు ఊరుకోదు. ఖాళీ కడుపున అలాంటి మాత్రల్లో చాలావి జీర్ణాశయాన్ని దెబ్బతీయవచ్చు. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు మూత్రపిండాల మీదా భారం పడుతుంది. పైగా నొప్పి ఎందుకు వస్తోందో తెలుసుకునే దారి మూసుకుపోతుంది.

మా ఊరి దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆవిడ నన్ను బల్ల మీద పడుకోబెట్టక ముందే ఒక మాట అడిగారు. "నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించగలవా బాబూ, లేక అరచెయ్యి పెట్టాల్సి వస్తుందా?" నేను వేలే పెట్టాను, పక్కటెముక అంచుకు కాస్త కింద. "అదే సమయంలో ఇంకెక్కడైనా నొస్తుందా?" అప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. డొక్క పోటు బాగా ఎక్కువైన రోజున కుడి భుజం కొసన కూడా సన్నగా లాగేది. కడుపుకూ భుజానికీ సంబంధం ఏముంటుందిలే అని దాన్ని లెక్కపెట్టలేదు. డాక్టరమ్మ మాత్రం వెంటనే తలూపారు. ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండి ఊపిరికి తోడ్పడే కండరం ఉదరవితానం. దాని అడుగు భాగం నుంచి సమాచారం మోసే నరం మెడ దగ్గర వెన్నుపాములో కలుస్తుంది. భుజం నుంచి వచ్చే నరాలూ అక్కడే కలుస్తాయి. అందుకే అక్కడి బాధను మెదడు భుజానిదిగా పొరబడుతుందట.

తరువాత కడుపు నొక్కి చూశారు. జ్వరం, వాంతులు, మలంలో రక్తం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నొప్పితో మెలకువ రావడం ఉన్నాయేమో అడిగారు. గజ్జల్లో ఉబ్బు ఉందేమో, దగ్గినప్పుడు పొంగుతుందేమో చూశారు. అపెండిక్స్ నొప్పి సాధారణంగా బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగుతుందని, ఆగి నిలబడగానే పోయే రకం కాదని అమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. నాకు స్కానింగ్ అవసరం లేదన్నారు. ఆ మాట విని అమ్మ ఊపిరి పీల్చుకుంది.

నాది వ్యాయామంలో వచ్చి, ఆగితే పోయే కడుపునొప్పి అని తేలాక దాని గురించి దొరికినంతా చదివాను. ఆస్ట్రేలియా పరిశోధకులు డారెన్ మోర్టన్, రాబిన్ కలిస్టర్ దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. 2000లో వెలువడిన వారి సర్వేలో ఆరు రకాల వ్యాయామాలు చేసే 965 మందిని ప్రశ్నించారు. అంతకుముందు ఏడాదిలో ఈ నొప్పి వచ్చిందని ఈతగాళ్లలో 75 శాతం, పరుగెత్తేవారిలో 69 శాతం, గుర్రపు స్వారీ చేసేవారిలో 62 శాతం చెప్పారు. సైకిల్ తొక్కేవారిలో 32 శాతమే. తరచూ వినిపించే రెండు కారణాలు ఈ అంకెల ముందు నిలబడలేదు. దమ్ము చాలకే వస్తే, పెద్దగా ఆయాసపడని గుర్రపు స్వారీలో అంతమందికి ఎందుకు వస్తుంది? ఎగిరెగిరి పడే కుదుపుకు లోపలి అవయవాలు లాగడమే కారణమైతే, నీళ్ల మీద తేలే ఈతగాళ్లకు రాకూడదు కదా.

ఆ పరిశోధకులు ఎక్కువగా మొగ్గు చూపే కారణం ఇంకొకటి. కడుపు గోడకు లోపలివైపు అతుక్కుని ఒక పలుచని పొర ఉంటుంది. నిండిన జీర్ణాశయం దానికి ఒత్తుకున్నా, ఆ పొరకూ, లోపలి అవయవాలను కప్పే పొరకూ మధ్య ఉండే జారుడు ద్రవం తగ్గినా, కదలికల్లో ఆ పొర రాపిడికి గురవుతుంది. వేలితో చూపించగలిగేంత కచ్చితంగా ఒకేచోట పొడవడానికీ, భుజం కొస లాగడానికీ, తిన్నాక పరుగెత్తితే ఎక్కువవడానికీ ఈ వివరణ సరిపోతుంది. ఇదే తుది మాట అని వాళ్లూ అనలేదు.

ఇక నా సాధన మారింది. పరుగుకు రెండు మూడు గంటల ముందే తినడం ముగించాను. తెల్లవారుజామున గ్రౌండ్‌కు వెళ్లే రోజుల్లో రాత్రి భోజనమే పెందలాడే చేసి, పొద్దున గుక్కెడు నీళ్లు మాత్రమే తాగేవాణ్ణి. దాహాన్ని ఆపుకోలేదు, ఒకేసారి గటగటా తాగడం మానేశాను, అంతే. అసలు తేడా కనిపించింది పండ్ల రసం ప్యాకెట్లు మానినప్పుడు. శక్తి వస్తుందని మాలో చాలామంది పరుగుకు ముందు అవే తాగేవాళ్లం. అంత చక్కెర ఉన్న పానీయం పరుగుకు దగ్గరగా తాగితే ఈ నొప్పిని రేపుతుందని మోర్టన్ బృందం ప్రయోగాల్లో తేలింది.

పోటు వచ్చాక ఏం చేయాలన్న దాని మీద 1999లో ప్లంకెట్, హాప్‌కిన్స్ అనే ఇద్దరు ప్రయోగం చేశారు. ముందుకు వంగడం, పొట్ట కండరాలు బిగించడం, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా గాలి వదలడం, నడుముకు వెడల్పాటి పట్టీ బిగించడం ఉపశమనం ఇచ్చాయి. ఇది చదివినప్పుడు తాతయ్య గుర్తొచ్చాడు. మోట బావి దగ్గరకైనా, పందెం పరుగుకైనా ఆయన తువ్వాలు నడుముకు బిగించి కట్టేవాడు. నేను పరుగులోనే కొంచెం వేగం తగ్గించి, డొక్క మీద మూడు వేళ్లతో లోపలికి నొక్కి పట్టి, గాలిని నెమ్మదిగా వదిలేవాణ్ణి. వీపు గూనిగా వంచి పరుగెత్తే అలవాటును సరిచేయడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. గూని వీపు ఉన్నవారికి ఈ నొప్పి ఎక్కువని కూడా మోర్టన్, కలిస్టర్లే గమనించారు. పోటు పూర్తిగా పోలేదు, కానీ వచ్చినా పరుగు ఆపాల్సిన అవసరం రాలేదు. ఈవెంట్స్ రోజున గడువులోపే గీత దాటాను.

ఇదంతా నేర్చుకున్నందుకు ఇంకోచోట ఎక్కువ మేలు జరిగింది. మా బాబాయి వయసు యాభై దాటింది, షుగర్ ఉంది. వేగంగా నడిచినా, మెట్లెక్కినా బొడ్డు పైన, రొమ్ము ఎముక కింద బరువు పెట్టినట్టుంటుందని, కూర్చుంటే తగ్గుతుందని అనేవాడు. గ్యాస్ మందు తాగేవాడు. "ఒక్క వేలితో చూపించు బాబాయ్" అంటే పిడికిలి బిగించి అక్కడ ఆనించాడు. "తినకపోయినా వస్తుందా?" అంటే వస్తుందన్నాడు. శ్రమపడినప్పుడు వచ్చి, ఆగితే తగ్గేది గుండె నొప్పి కూడా కావచ్చు, అది కడుపు పైభాగంలోనే తెలియవచ్చు. ఈ మాట డాక్టరమ్మ నాకు చెప్పి పంపినదే. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాను. విశ్రాంతిలో తీసిన ఇ.సి.జి. బాగానే ఉంది. అంతటితో ఇంటికి వచ్చేద్దామన్నాడు, నొప్పి శ్రమపడితేనే వస్తోంది కదా అని నేను ఒప్పుకోలేదు. తరువాతి పరీక్షల్లో గుండె రక్తనాళంలో పూడిక కనిపించింది, స్టెంటు వేశారు.