తాబేలు బొమ్మ పోయాక ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పాసయ్యాను

ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అంటే లైనక్స్ సిస్టమ్స్ నడిపేవాళ్లకి రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే సర్టిఫికెట్ పరీక్ష. మొన్న మధ్యాహ్నం దాని ఫలితం మెయిల్‌లో వచ్చింది. 300కి 271. పాస్ మార్కు 210, కాబట్టి ఆ నంబర్ చూడగానే నాకెలా ఉండుంటుందో చెప్పక్కర్లేదు. వంటింట్లోకి పరిగెత్తి చెప్తే అమ్మ "ఉద్యోగమొచ్చిందా?" అంది. కాదమ్మా, సర్టిఫికెట్ అన్నాను. "సరే, ముందు ఉగ్గాని తిను, సల్లారిపోతాది" అంది.

డిస్కుల్ని పంచే ఎల్‌వీఎం ఎలా చదవాలి, లైనక్స్ కాపలాదారు ఎస్‌ఈలైనక్స్ ఎలా అర్థం చేసుకోవాలి అని ఇక్కడ నాకంటే బాగా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకునే పరీక్ష రాశాను కాబట్టి వాటి గురించి అడగొద్దు. నేను చెప్పేది మొదటిసారి ఎందుకు పోయిందన్నదే. అప్పుడు 183 వచ్చింది. చదవక పోలేదు. నా ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్, అంటే కంప్యూటర్ లోపల నడిచే ఇంకో కంప్యూటర్, నత్తలా నడిచేది, నేను దాంతో నాలుగు నెలలు కాపురం చేశాను. అందుకే పోయింది.

మా ఇల్లు కర్నూలులో, బుధవారపేట వైపు. పైన రేకుల గది. ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, విండోస్ మీద వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ ప్రోగ్రామ్, అందులో రెండు లైనక్స్ మెషీన్లు. లాగిన్ స్క్రీన్ రావడానికే ఏడెనిమిది నిమిషాలు పట్టేది. టెర్మినల్‌లో ఒక అక్షరం కొడితే అది కనబడేలోపు ఇంకో మూడు కొట్టేసేవాణ్ని. రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ రీసెట్ సాధన చేద్దామంటే బూట్ అయ్యేటప్పుడొచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కేలోపే ఆ ఐదు సెకన్లూ అయిపోయేవి. ఒకసారి ఎలాగో పట్టుకుని, ఫైళ్లన్నిటికీ ఎస్‌ఈలైనక్స్ గుర్తులు మళ్లీ వేసే ఆటోరీలేబుల్ పెట్టి రీబూట్ కొట్టి, కిందికెళ్లి అన్నం తినొచ్చినా అది ఇంకా లేబుల్ చేస్తూనే ఉంది.

అలా ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? రీబూట్ మానేస్తారు. నేనూ మానేశాను. బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో లైను రాయడం, డిస్క్ తగిలిందా (మౌంట్ అయిందా) చూసుకోవడం, తర్వాతి టాపిక్‌కి పోవడం. "రీబూట్ చేసినా ఇది ఉంటుందిలే" అనుకోవడం. ఈ పరీక్షలో రీబూట్ తర్వాత నిలవని పనికి మార్కుల్లేవని పుస్తకంలో రోజూ చదివేవాణ్ని, పెన్సిల్‌తో గీత కూడా గీసుకున్నాను.

బెంగళూరులో పరీక్ష రోజు. ఇంకా ఇరవై ఐదు నిమిషాలుందనగా మెషీన్ రీబూట్ చేశాను. స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ పరిగెడుతున్నాయి, పక్కన "1 నిమిషం 30 సెకన్లు" అని లెక్క. ఏదో డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. తొంభై సెకన్లూ అయ్యాయి, మామూలుగా లేవలేక, మరమ్మతుకని ఉండే ఎమర్జెన్సీ మోడ్‌లో పడింది. నేను ఎఫ్‌స్టాబ్‌లో డిస్క్ గుర్తింపు నంబర్ (యూయూఐడీ)లో ఒక అంకె తప్పు కొట్టాను, అంతే. రూట్ పాస్‌వర్డ్ కొట్టి, ఆ లైను సరిచేసి, మళ్లీ రీబూట్ చేస్తే ఐదు నిమిషాల పని. నాకేమో అది మొదటిసారి చూస్తున్న స్క్రీన్. చేతులు చల్లబడ్డాయి. సమయమంతా అక్కడే పోయింది.

తర్వాత ఆలోచిస్తే తెలిసిందేమంటే ఆ తొంభై సెకన్ల ఆగుడు నాకు కొత్తేమీ కాదు. ఇంట్లో కూడా జరిగే ఉంటుంది. ఎనిమిది నిమిషాల బూటింగ్‌లో ఆ ఒకటిన్నర నిమిషం ఎక్కడ కనబడుతుంది? మెషీన్ నిదానంగా ఉందనుకున్నానే గానీ నా తప్పుని అది దాచిపెడుతోందని అనుకోలేదు.

ఊరికి తిరిగొచ్చాక చేసిన మొదటి పని కూడా తెలివితక్కువదే. ర్యామ్ తక్కువై నిదానంగా ఉందని నాకు నేనే తీర్పు చెప్పుకుని, మా బావ దగ్గర డబ్బు తీసుకుని ఎనిమిది జీబీని పదహారు చేశాను. తేడా ఏమీ లేదు. పాత డ్రైవ్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేశాను. విండోస్ పరిగెత్తింది, లైనక్స్ మాత్రం అదే నడక. నాలుగు కోర్ల ల్యాప్‌టాప్‌లో రెండు మెషీన్లకీ చెరి నాలుగు ఇచ్చాను, ఇంకా దిగజారింది. లైనక్స్ వేగం సర్దే ట్యూన్డ్‌లో ప్రొఫైల్ వర్చువల్-గెస్ట్ అని మార్చాను, అది ముందునుంచే అదే ఉంది. మే నెల, పైన రేకులు. టాస్క్ మేనేజర్‌లో చూస్తే వేడికి ప్రాసెసర్ వేగం సగానికి సగం పడిపోయేది. సరే ఎండే కారణమని తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివాను. అప్పుడూ అంతే.

ఇక్కడ ఒక మాట. లైనక్స్‌లోకి వెళ్లి టాప్ కమాండ్ కొడితే ఐడిల్, అంటే ప్రాసెసర్ ఖాళీగా ఉన్న శాతం, తొంభైకి పైనే చూపించేది. వీఎంస్టాట్ కమాండ్‌లో ఎస్‌ఐ, ఎస్‌ఓ రెండూ సున్నా, అంటే ర్యామ్ చాలక డిస్క్‌ని (స్వాప్‌ని) వాడట్లేదు. డబ్ల్యూఏ కూడా ఒకటి రెండు మించట్లేదు, అంటే డిస్క్ కోసం ఆగట్లేదు. లోపల ఇంత ఖాళీగా కూర్చుని, బయట ఇంత ఏడుస్తోందంటే జబ్బు లోపల లేదు, కింద ఉంది. సిలబస్‌లో ఉన్న కమాండ్లే ఇవి. పరీక్షకని బట్టీపట్టాను, నా మెషీన్ మీద వాడాలని తోచలేదు.

మా బావ బెంగళూరులో సర్వర్ల పని చేస్తాడు. ర్యామ్ డబ్బుల సంగతి అడగడానికే ఫోన్ చేశాడనుకుంటా. నా గోడు విని ఒకటే అడిగాడు.

"వీఎం విండోలో కింద కుడి మూల సూడప్పా. చిప్పు మీద వీ అనుందా, తాబేలుందా?"

"తాబేలుండాది బావా. పచ్చది."

కాసేపు మాట్లాడలేదు.

"నాల్గునెల్ల నుంచీ అదే ఉందా?"

ఉంది. రోజూ చూశాను. ఏదో అలంకారం అనుకున్నాను. ఒకసారి ముద్దుగా ఉందని కూడా అనిపించింది.

విషయమేమంటే, ప్రాసెసర్‌లో వర్చువలైజేషన్ సదుపాయం ఉంటుంది, ఇంటెల్‌లో వీటీ-ఎక్స్, ఏఎండీలో ఎస్‌వీఎం. వర్చువల్‌బాక్స్ దాన్ని నేరుగా వాడుకుంటే వేగంగా నడుస్తుంది. నేను కాలేజీలో ఉన్నప్పుడు విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 వేసుకున్నాను. అది విండోస్ సొంత హైపర్‌వైజర్‌ని, అంటే వర్చువల్ మెషీన్లని నడిపే ప్రోగ్రామ్‌ని, లేపి కూర్చోబెడుతుంది. ఆ ప్రాసెసర్ సదుపాయం హైపర్‌వైజర్ చేతిలో ఉంటే వర్చువల్‌బాక్స్ దాని ద్వారానే పని చేయించుకోవాలి, అందుకే నత్త నడక. తాబేలు అంటే అర్థం అదే. సాఫ్ట్‌వేర్ చెప్పాల్సింది బొమ్మ వేసి మరీ చెప్పింది, వినకపోవడం నా తప్పు. మీరు చూసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో సిస్టమ్‌ఇన్‌ఫో కొట్టండి. చివర్లో హైపర్‌వైజర్ కనబడింది అని లైను వస్తే మీదీ నా కేసే.

బావ చెప్పినట్టు అడ్మినిస్ట్రేటర్‌గా బీసీడీఎడిట్ అనే కమాండ్‌తో హైపర్‌వైజర్‌లాంచ్‌టైప్ ఆఫ్ చేశాను. డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం ఉంటే రికవరీ కీ ముందే రాసి పెట్టుకోండి, తర్వాత అడగొచ్చు. రీస్టార్ట్ చేస్తే తాబేలు అక్కడే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. మళ్లీ ఫోన్. విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ కింద మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆన్‌లో ఉంది, అది కూడా అదే హైపర్‌వైజర్ మీద నడుస్తుంది. దాన్నీ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి, లేపాను.

చిప్పు బొమ్మ వచ్చింది. లాగిన్ స్క్రీన్ ముప్పై ఎనిమిది సెకన్లు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి మూడుసార్లు చూశాను. అక్కడే కూర్చుని ఊరికే రీబూట్ చేస్తూ ఉన్నాను, పిల్లోడికి కొత్త సైకిల్ కొనిచ్చినట్టు.

మిగతావి చిన్న పనులు. ఒక్కో మెషీన్‌కి రెండు కోర్లు, రెండు జీబీ. గ్రాఫిక్స్ వద్దని డిఫాల్ట్ టార్గెట్ మల్టీ-యూజర్ (అక్షరాల స్క్రీన్ మాత్రమే) పెట్టి, విండోస్‌లోని పుట్టీ ప్రోగ్రామ్‌తో లాగిన్. పేరుకుపోయిన పదకొండు స్నాప్‌షాట్లలో (మెషీన్ పాత స్థితుల్లో) ఒకటి ఉంచి మిగతావి తీసేశాను. కరెంటు పోయి బ్యాటరీ మీద పడితే విండోస్ వేగం తగ్గిస్తుంది, అప్పుడు సాధన ఆపి మ్యాన్ పేజీలు (కమాండ్ల వివరణలు) చూసేవాణ్ని.

ఆ తర్వాత ఆరు వారాలు. ప్రతి టాపిక్ చివర రీబూట్. ఎఫ్‌స్టాబ్‌లో కావాలనే తప్పు రాసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడి లేవడం రోజుకి రెండుసార్లు, టిఫిన్‌కి ముందొకటి, పడుకునే ముందొకటి. రీబూట్‌కి ముందు ఎఫ్‌స్టాబ్ సరిచూసే కమాండ్లు, ఫైండ్‌ఎంఎన్‌టీ వెరిఫై, మౌంట్ మైనస్ ఏ. ఇది క్రమశిక్షణ అని మా నాయన అందరికీ చెప్పుకుంటున్నాడు. తెల్లారి నాలుగింటికి లేచినప్పుడు ఏమీ కదల్లేదు, ఏడింటికి లేచి పాసయ్యాను, క్రమశిక్షణ ఎక్కడుందో నాకైతే తెలీదు. అయినా రోజూ ఒకే టైముకి కూర్చోండి తమ్ముళ్లూ. ఫోన్ పక్క గదిలో పెట్టండి. "నా సిస్టమ్ బాగాలేదు" అని నాలాగా నాలుగు నెలలు చెప్పుకోకండి. నాకు చెప్పేవాళ్లు లేరు కాబట్టి చెప్పుకున్నాను. డబ్బు కట్టిన కోచింగ్‌లో అడిగితే "కొత్త ల్యాప్‌టాప్ కొనండి" అన్నారు. అందుకే ఇదంతా రాస్తున్నా, గొప్పకి కాదు. కొంచెం గొప్పకే అనుకోండి.

రెండోసారి పరీక్షలో గంటన్నరకే మొదటి రీబూట్ కొట్టాను. చుక్కలు పరిగెత్తలేదు.

నిన్న రాత్రి మెమరీ ఇంటిగ్రిటీ మళ్లీ ఆన్ చేశాను, పరీక్ష అయిపోయాక సెక్యూరిటీ తీసేసి ఉంచడం దేనికని. తాబేలు తిరిగొచ్చింది. దాన్ని ఫొటో తీసి బావకి పంపాను. "ర్యామ్ డబ్బులెప్పుడు?" అని జవాబొచ్చింది.