మైక్ దగ్గర మొహమాటం వద్దు

అమెరికాలో చిన్న విమానం నడిపేవాళ్ళు ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా వందల మైళ్ళు ఎగరొచ్చు. పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే గగనతలం తప్పించుకుని, టవర్ లేని చిన్న ఫీల్డు నుంచి బయల్దేరి అలాంటిదే ఇంకో ఫీల్డులో దిగితే రేడియో వాడాల్సిన అవసరం లేదు, రూల్సే ఒప్పుకుంటాయి. ఇంత స్వేచ్ఛ చాలా దేశాల్లో లేదు. మన దేశంలో అయితే ఊరు దాటి వెళ్ళే ప్రైవేట్ విమానం కూడా ఫ్లైట్ ప్లాన్ వేసి, ఎయిర్ డిఫెన్స్ వాళ్ళ నుంచి ఏడీసీ నంబర్ తీసుకోవాలి. అమెరికాలోని ఈ స్వేచ్ఛ నాకు చాలా ఇష్టం. కానీ వర్జీనియా, మేరీలాండ్ వైపు ఈమధ్య ప్రైవేట్ పైలట్ లైసెన్సు తీసుకుంటున్న మన తెలుగువాళ్ళలో కొందరు ఈ స్వేచ్ఛని రేడియో నుంచి తప్పించుకోవడానికి వాడుకుంటున్నారని అనిపిస్తోంది. ఈ పోస్టు వాళ్ళ కోసమే.

మొన్న ఒక కుర్రాడు అడిగాడు. "అన్నా, అప్రోచ్ వాళ్ళతో మాట్లాడకుండా డీసీ పక్కనుంచి జారుకోవడానికి మంచి రూటు ఏదైనా ఉందా? వాళ్ళు మరీ స్పీడుగా మాట్లాడతారు, నా ఇంగ్లీషు వాళ్ళకి అర్థం కాదేమోనని టెన్షన్."

అప్రోచ్ అంటే పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ విమానాలని రాడార్ మీద చూస్తూ రేడియోలో దారి చెప్పే కంట్రోలర్లు. రూటు ఉంది. మ్యాప్ మీద వాషింగ్టన్ డీసీ చుట్టూ గీసిన ఆంక్షల వలయం అంచు చూసుకుంటూ చుట్టు తిరిగి పోవచ్చు, చాలామంది అలాగే పోతారు. అయితే చుట్టు తిరిగి పోయేవాడు ఒక గాలి మార్పుకో, ఒక మబ్బు అడ్డం రావడంవల్లో, ట్యాబ్లెట్ ఎండకి వేడెక్కి ఆగిపోవడంవల్లో రెండు మైళ్ళు లోపలికి జరిగాడంటే, ఆ సంగతి అతనికి చెప్పడానికి అవతల ఎవరూ ఉండరు. నిషిద్ధ గగనతలంలోకి దారితప్పి వెళ్ళిన కథల్లో నాకు మళ్ళీ మళ్ళీ కనిపించేది ఇదే. రేడియో చెడిపోయిన కేసులు ఉన్నాయి. కానీ రేడియో బాగానే ఉండి, దాన్ని ఎవరితోనూ మాట్లాడటానికి వాడని కేసులు నన్ను ఎక్కువ కలవరపెడతాయి.

2005 మే 11 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. పెన్సిల్వేనియాలో స్మోక్‌టౌన్ అనే చిన్న ఫీల్డు నుంచి ఇద్దరు ఒక సెస్నా 150లో నార్త్ కరోలినాలోని లంబర్టన్‌కి బయల్దేరారు, అక్కడ ఎయిర్ షో చూద్దామని. ఒకరికి లైసెన్సు ఉంది, ఇంకొకరు స్టూడెంట్. సెస్నా 150 అంటే రెండు సీట్ల బుజ్జి విమానం, మనుషులతో, ఇంధనంతో కలిపి 730 కిలోలు కూడా తూగదు. దారి తప్పి నేరుగా వాషింగ్టన్ మీదకి వచ్చేశారు. వైట్‌హౌస్‌కి సుమారు మూడు మైళ్ళ దూరం దాకా వచ్చారు. ఆ మధ్యాహ్నం వైట్‌హౌస్, క్యాపిటల్ (అమెరికా పార్లమెంట్ భవనం) రెండూ ఖాళీ చేయించారు, జనం వీధుల్లో పరుగులు పెట్టారు, ఉపాధ్యక్షుడిని వేరే చోటుకి తరలించారు. ప్రెసిడెంట్ బుష్ అప్పుడు మేరీలాండ్‌లో సైకిల్ తొక్కుతున్నారు, ఆయనకి విషయం అంతా అయిపోయాకే చెప్పారు. రెండు ఎఫ్-16లు వచ్చి హెచ్చరికగా మండే ఫ్లేర్లు వదిలాయి, ఒక బ్లాక్‌హాక్ హెలికాప్టర్ పక్కకి వచ్చింది. చివరికి ఫ్రెడరిక్‌లో దింపారు. ఇద్దరి మీదా క్రిమినల్ కేసు పెట్టలేదు, కానీ లైసెన్సు ఉన్నాయన లైసెన్సు అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రద్దు చేసింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ మ్యాపు గురించి, నావిగేషన్ గురించి మాట్లాడతారు. అది నిజమే, కానీ నేను ఆలోచించేది వేరు. పెన్సిల్వేనియాలో పైకి లేచిన ఐదు నిమిషాలకి దగ్గర్లో ఉన్న అప్రోచ్ ఫ్రీక్వెన్సీలో ఒక పలకరింపు, ఒక స్క్వాక్ కోడు (రాడార్ మీద విమానాన్ని గుర్తుపట్టే నాలుగంకెల నంబరు) ఉండుంటే, వాషింగ్టన్ దాకా ఆ విమానం ఎవరిదో తెలియని చుక్కలా రాడార్ మీద కదిలేదా? హద్దుకి చాలా ముందే ఒక కంట్రోలర్ పిలిచి, పడమటికి తిరగమని చెప్పి ఉండేవాడు.

ఇప్పుడు అక్కడ ఉన్న ఏర్పాటు ఇది. రేగన్ నేషనల్ ఎయిర్‌పోర్టు దగ్గరి వీఓఆర్ (విమానాలకి దారి చూపే రేడియో స్టేషన్) కేంద్రంగా 30 నాటికల్ మైళ్ళ వలయం, అంటే దాదాపు 55 కిలోమీటర్లు, నేల నుంచి 18,000 అడుగుల లోపు దాకా. దీన్ని ఎస్ఎఫ్ఆర్ఏ అంటారు. 2003లో తాత్కాలికంగా పెట్టి, 2009లో శాశ్వతం చేశారు. దాని లోపల ఇంకా గట్టి వలయం ఎఫ్ఆర్‌జడ్, అందులోకి మామూలు ప్రైవేట్ పైలట్‌కి ప్రవేశం లేనట్టే. అన్నిటికన్నా లోపల వైట్‌హౌస్, క్యాపిటల్ మీద ఉన్నది పీ-56, పూర్తి నిషేధం. ఎస్ఎఫ్ఆర్ఏలోకి వెళ్ళాలంటే ప్రత్యేకమైన ఫ్లైట్ ప్లాన్, మీ ఒక్కరికే ఇచ్చిన ట్రాన్స్‌పాండర్ (రాడార్‌కి ఆ నంబరు పంపే పరికరం) కోడు, రెండువైపులా నడుస్తున్న రేడియో సంభాషణ, మూడూ ఉండాలి. చుట్టూ 60 మైళ్ళలో కళ్ళతో బయట చూసుకుంటూ ఎగిరే పద్ధతైన వీఎఫ్ఆర్‌లో ఎగిరేవాళ్ళెవరైనా ఎఫ్ఏఏ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేసి ఉండాలి, ఉచితమే, గంటా గంటన్నర కూర్చుంటే అయిపోతుంది. కాలిఫోర్నియా నుంచో టెక్సాస్ నుంచో ఇక్కడికి మారినవాళ్ళు ఈ కోర్సు సంగతి మర్చిపోవద్దు.

ఫైటర్ జెట్ వచ్చి పక్కన నిలబడి దారి చూపిస్తుందని కొందరు ఊహించుకుంటారు. సెస్నా 150 వెళ్ళేది 100 నాట్ల వేగానికి అటూ ఇటూ. అంత నెమ్మదిగా ఎగరడం ఎఫ్-16 వల్ల కాదు, మీ చుట్టూ తిరుగుతూ ఉండాల్సిందే. అందుకే 2006 నుంచి వాషింగ్టన్ దగ్గర నిదానంగా వెళ్ళే విమానాల కోసం కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్లు కాపలా ఉంటున్నాయి. వాళ్ళు పక్కకి వచ్చి, ఏ ఫ్రీక్వెన్సీకి రావాలో బోర్డు మీద రాసి చూపిస్తారు. నేల మీద నుంచి ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ వరుసలో లేజర్ కాంతి కూడా వేస్తారు. అది కనబడిందంటే మీరు అనుమతి లేని చోట ఉన్నారు, వెంటనే వెనక్కి తిరగాలి. ఈ ఏర్పాటంతా దేనికోసమో ఆలోచించండి. ఒక పైలట్‌ని మాట్లాడించడం కోసం. లేజర్లు, హెలికాప్టర్లు, ఫ్లేర్లు అన్నీ చివరికి చెప్పేది అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5కి రమ్మనే. రెండు రేడియోలు ఉన్న విమానమైతే రెండోదాన్ని ఎప్పుడూ 121.5 మీద పెట్టి వాల్యూమ్ వినపడేలా ఉంచడం నాకు అలవాటు, మీరూ చేసుకోండి. మీ తోక నంబరు ఎవరైనా పిలుస్తుంటే మొదట వినబడేది అక్కడే.

ఇక్కడ న్యాయంగా చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. తప్పు ఎప్పుడూ చిన్న పైలట్‌దే కాదు. 2004 జూన్ 9న, మాజీ ప్రెసిడెంట్ రేగన్ అంత్యక్రియల వేళ, కెంటకీ గవర్నర్ వస్తున్న విమానంలో ట్రాన్స్‌పాండర్ పనిచేయలేదు. పైలట్లు ఆ సంగతి కంట్రోలర్లకి చెప్పారు, కంట్రోలర్లు సరేనని రానిచ్చారు. కానీ ఆ మాట రక్షణ చూసుకునే వాళ్ళకి చేరలేదు. వాళ్ళకి రాడార్ మీద కనిపించింది గుర్తు తెలియని విమానం. క్యాపిటల్ ఖాళీ చేయించారు. 2022 ఏప్రిల్ 20న మళ్ళీ అదే జరిగింది. బేస్‌బాల్ ఆట ముందు స్టేడియంలోకి ఆర్మీ పారాచూట్ బృందం దూకే కార్యక్రమం ఉంటే, ఆ విమానం గురించి క్యాపిటల్ పోలీసులకి ముందుగా కబురు అందలేదు. మళ్ళీ ఖాళీ చేయించడం, మళ్ళీ పరుగులు. ఆ రెండుసార్లూ పైలట్లు చేయాల్సింది చేశారు, కింద ఆఫీసులే ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. పైలట్ల మీద కేసులు, సస్పెన్షన్లు ఉన్నంత గట్టిగా ఆఫీసుల మధ్య సమాచార లోపం మీద జవాబుదారీ ఉండాలని నేను నమ్ముతాను.

ఇప్పుడు మైక్ సంగతి. విమానాల రేడియో ఏఎమ్ మీద నడుస్తుంది. ఒక్కసారి ఒక్కరే మాట్లాడాలి, ఇద్దరు ఒకేసారి నొక్కితే మిగతావాళ్ళకి కీచుమనే చప్పుడు వినబడుతుంది, అసలు మాట మింగేసుకుపోతుంది. 2025 జనవరి 29న రేగన్ నేషనల్ దగ్గర ప్రయాణికుల విమానం, ఆర్మీ హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు, టవర్ ఇచ్చిన సూచనలో కొన్ని మాటలు హెలికాప్టర్ వాళ్ళు అదే క్షణంలో మైక్ నొక్కడంవల్ల వాళ్ళకి వినబడి ఉండకపోవచ్చని ప్రమాదాలని దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. అదొక్కటే కారణం కాదు, ఆ ప్రమాదం వెనక చాలా ఉన్నాయి. కానీ ఒక సెకను కూడా లేని నొక్కుడు ఎంత విలువైన మాటని మింగగలదో చూడండి. అందుకే ముందు వినాలి, తర్వాత నొక్కాలి, విన్నది తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పడాన్ని చాలామంది లాంఛనం అనుకుంటారు. మీరు తప్పు విన్నారని కంట్రోలర్‌కి తెలిసే దారి అదొక్కటే.

యాస గురించి. వాషింగ్టన్ ప్రాంతాన్ని చూసుకునే పొటోమాక్ అప్రోచ్‌లో కూర్చున్నవాళ్ళు రోజంతా డలెస్‌కి వచ్చే కొరియన్, టర్కిష్, ఇథియోపియన్ పైలట్లతో మాట్లాడతారు. మీ యాస వాళ్ళకి కొత్త కాదు. రేడియో భాషే ప్రపంచంలో ఎవరు పలికినా అర్థమయ్యేలా తయారైంది: మూడుని 'ట్రీ' అని, ఐదుని 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలకమని ఆ పద్ధతే చెబుతుంది. వేగంగా మాట్లాడాలనే తాపత్రయమే మనవాళ్ళని చెడగొడుతుంది. అర్థం కాకపోతే 'సే అగైన్' అనండి, ఇంకా కాకపోతే 'స్టూడెంట్ పైలట్, స్పీక్ స్లోలీ' అనండి. స్టూడెంట్లు ఆ మాట చెప్పుకోమని ఎఫ్ఏఏ మాన్యువల్‌లోనే ఉంది. ఇంట్లో కూర్చుని, కంట్రోలర్ల మాటలు వినిపించే వెబ్‌సైట్ లైవ్ఏటీసీలో ఆ ఫ్రీక్వెన్సీలు వినండి, ఒక నెలకి చెవి అలవాటు పడుతుంది. మొదటి పిలుపు పొట్టిగా ఉండాలి: "పొటోమాక్ అప్రోచ్", మీ విమానం పేరు, నంబరు, "వీఎఫ్ఆర్ రిక్వెస్ట్". అంతే. వాళ్ళు రమ్మన్నాక ఎక్కడున్నారో, ఎంత ఎత్తులో ఉన్నారో, ఎటు వెళ్తున్నారో చెప్పి ఫ్లైట్ ఫాలోయింగ్, అంటే రాడార్ మీద మిమ్మల్ని గమనిస్తూ ఉండటం, అడగండి. డబ్బులేమీ కట్టక్కర్లేదు, పనిభారం మరీ ఎక్కువైతే తప్ప ఇస్తారు.

దీంట్లో కొన్ని మెలికలు ఉన్నాయి, ఇవి తెలియకే కొందరు ఇరుక్కుంటారు. ఫ్లైట్ ఫాలోయింగ్ ఉంది కదా అని ఎస్ఎఫ్ఆర్ఏలోకి దూరడానికి లేదు, దాని ఫ్లైట్ ప్లాన్ వేరే. అతి పెద్ద ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే గగనతలం క్లాస్ బీలోకి వెళ్ళాలంటే 'క్లియర్డ్' అనే మాట మీ నంబరుతో వినాలి. వాటికన్నా చిన్న ఎయిర్‌పోర్టుల చుట్టూ ఉండే క్లాస్ సీలో మీ నంబరు పిలిచి 'స్టాండ్‌బై' అన్నా సంభాషణ మొదలైనట్టే, కానీ నంబరు లేకుండా 'పిలిచినవాళ్ళు ఆగండి' అంటే మొదలవనట్టు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది 'స్క్వాక్ వీఎఫ్ఆర్' అనే మాట, అంటే మీకిచ్చిన కోడు తీసేసి అందరూ వాడే 1200 పెట్టుకోమని. హద్దుకి ఇంకా లోపల ఉండగా కంట్రోలర్ అలవాటుగా అది అనేస్తే, మీరు 1200 తిప్పేస్తే, ఎస్ఎఫ్ఆర్ఏలో అది నేరుగా ఉల్లంఘన. హద్దు దాటామో లేదో అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు. లోపల ఉండగా రేడియో నిజంగానే పోతే, రేడియో పోయిందని చెప్పే కోడు 7600 పెట్టి దగ్గరి హద్దు వైపు బయటికి వచ్చేయాలి, బయల్దేరిన ఫీల్డు లోపలే ఉండి అదే దగ్గరైతే అక్కడికి. దానికన్నా ముందు హెడ్‌సెట్ జాక్, వాల్యూమ్, ఫ్రీక్వెన్సీ అంకెలు ఒకసారి చూసుకోండి.

డీసీ వలయం కదలదు కాబట్టి నేర్చుకోవచ్చు. ప్రెసిడెంట్‌తో పాటు కదిలే తాత్కాలిక ఆంక్షలు, టీఎఫ్ఆర్‌లు అలా కాదు. 30 మైళ్ళ వలయం ఒక వారాంతం ఫ్లోరిడాలో, ఇంకో వారాంతం న్యూజెర్సీలో లేస్తుంది, మధ్యలో 10 మైళ్ళు దాదాపు పూర్తిగా మూసేస్తారు. వేళలు మారిపోతుంటాయి. 2025లో మార్-ఎ-లాగో చుట్టూ ఫైటర్లు చిన్న విమానాల వెంట చాలాసార్లు వెళ్ళాల్సి వచ్చింది, పైలట్లకిచ్చే హెచ్చరిక నోటీసులు నోటామ్‌లు చూసుకుని బయల్దేరమని గగనతల రక్షణ చూసుకునే నోరాడ్ ప్రకటన మీద ప్రకటన ఇచ్చింది. పొద్దున చూసిన నోటామ్ మధ్యాహ్నానికి పాతబడొచ్చు. మీరు గాల్లో ఉండగా అది మారితే చెప్పగలిగేది మీతో ఫ్రీక్వెన్సీలో ఉన్న కంట్రోలరే.

ఇంత జాగ్రత్త పడ్డా ఎవరైనా తెలియక హద్దు దాటితే దాచిపెట్టే ప్రయత్నం చేయొద్దు. 1976 నుంచి నాసా ఒక రిపోర్టింగ్ పద్ధతి నడుపుతోంది, ఏఎస్ఆర్ఎస్ అని. జరిగింది జరిగినట్టు రాసి పంపితే పేర్లు తీసేసి భద్రత కోసం వాడుకుంటారు. కావాలని చేసింది కాకపోతే, నేరమూ ప్రమాదమూ కాకపోతే, ఎఫ్ఏఏ తప్పు నిర్ధారించినా సాధారణంగా జరిమానా, సస్పెన్షన్ పడకుండా అది కాపాడుతుంది. ఆన్‌లైన్‌లోనే నింపొచ్చు. గడువు 10 రోజులు, కాబట్టి లాయర్ కోసం వెతుకుతూ దాన్ని జారవిడుచుకోకండి.