సభ్యత్వ వైద్యంలోకి మారాక

బీమా మీద నడిచే ప్రాక్టీసు వదిలి సభ్యత్వ పద్ధతిలోకి మారాను. అమెరికాలో ఇది 1996లో సియాటిల్‌లో మొదలైంది: రోగి ఏటా రుసుము కడతాడు, వైద్యుడు కొద్దిమందినే చూస్తాడు. ఆస్పత్రి ఖర్చులకు బీమా ఎలాగూ ఉండాల్సిందే.

మునుపు నా జాబితాలో 2,000 మందికి పైగా ఉండేవారు. ఒక్కొక్కరికి పావుగంట దక్కడమే గొప్ప. మొన్న ఒక పెద్దావిడ మందులన్నీ బల్ల మీద పరిచి, ఏది ఎందుకు వేసుకుంటున్నారో చెబుతుంటే తీరిగ్గా విన్నాను. వాటిలో రెండు ఒకే పని చేసేవి! వెంటనే ఒకటి ఆపించాను. వైద్యం చదివింది ఇందుకే కదా అనిపించింది.

కానీ రుసుము కట్టలేక వెళ్లిపోయినవారు గుర్తొస్తూనే ఉంటారు. అసలే ప్రాథమిక వైద్యుల కొరత. నాలాంటివారు మారినకొద్దీ మిగిలినవారిపై భారం పెరుగుతుంది. కట్టలేని కొందరిని రుసుము లేకుండానే చూస్తున్నాను. ఆ సంఖ్య ఇంకా పెంచాలి.