16 డిస్కులు, 94 ఎపిసోడ్లు: నాయన కోసం చేసిన పని

పోయిన వేసవిలో మా ఇంట్లో డీవీడీ ప్లేయర్ చెడిపోయింది. డిస్క్ పెడితే కాసేపు గిర్రున తిరిగి, డిస్క్ లేదని చూపించి ఆగిపోయేది. కొత్తది కొందామని కడపలో నాలుగైదు షాపులు తిరిగాను. ఎవరూ అడగడం లేదు, అందుకే తెప్పించడం లేదన్నారు. నాకు దానితో పెద్ద అవసరం లేదు. మా నాయనకు ఉంది. ఆయన దగ్గర మహాభారత్ సీరియల్ సెట్ ఉంది, 16 డిస్కులు. ఏటా వేసవిలో మొదటి నుంచి చివరి దాకా ఒకసారి చూస్తాడు.

బి.ఆర్. చోప్రా తీసిన ఆ సీరియల్ 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలై 1990 జూన్ 24న ముగిసింది. 94 ఎపిసోడ్లు, ప్రతి ఆదివారం పొద్దున. అప్పుడు మా వీధికంతా ఒకటే టీవీ, మేము బాడుగకున్న ఇంటి ఓనరుది. ఒక్కోసారి కరెంటు పోతే ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించేవాళ్లు. నాయనకు హిందీ రాదు, ఈరోజుకీ రాదు. కానీ కథ పర్వం పర్వం తెలుసు. చిన్నప్పుడు ఊళ్లో తోలుబొమ్మలాటలు, సురభి నాటక సమాజం వాళ్ల నాటకాలు తెల్లవార్లూ కూర్చుని చూసిన మనిషి. సురభి పుట్టింది మా కడప జిల్లాలోనే, 1885లో. వాళ్లు ఆడిన మొదటి నాటకం కీచకవధ, అదీ భారతంలోదే. కాబట్టి తెరమీద ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఆయనకు అర్థమైపోతుంది.

2020 లాక్‌డౌన్‌లో డీడీ భారతిలో మార్చి 28 నుంచి మళ్లీ వేశారు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 7కు. అప్పుడు టీవీ ముందు నుంచి లేచేవాడు కాదు. ఆ సంతోషం కళ్లారా చూసినవాణ్ణి కాబట్టి ప్లేయర్ పోయిందని ఊరుకోబుద్ధి కాలేదు. డిస్కులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఎపిసోడ్ ఎపిసోడ్‌గా విడగొట్టి, హాల్లో టీవీలో రిమోట్ నొక్కితే వచ్చేలా చేయాలనుకున్నాను. నా పాత ల్యాప్‌టాప్ ఒకటి మూలన పడి ఉంది, అదే టీవీకి వీడియోలు పంపే సర్వర్. ఒక టీబీ హార్డ్‌డిస్క్, యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవ్ మాత్రం కొన్నాను.

మొదటి తప్పు మొదటి రాత్రే చేశాను. డిస్క్ తెరిస్తే వీడియో_టీఎస్ అని ఒక ఫోల్డర్, అందులో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు వరుసగా ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు అని అంకెలు కూడా ఉన్నాయి. ఇవే ఎపిసోడ్లు కాబోలు అనుకుని మొత్తం కాపీ చేసుకున్నాను. తీరా ఆడించి చూస్తే మొదటి ఫైలు ఒక మాట మధ్యలో తెగిపోయింది. గంగ శంతనుడితో ఏదో చెప్తోంది, నోరు తెరిచి ఉండగానే ఆగిపోయింది. రెండో ఫైలు ఆ మాట తర్వాతి ముక్కతో మొదలైంది. అప్పుడు కూర్చుని చదివితే తెలిసింది. డీవీడీ నియమం ప్రకారం ఏ వీఓబీ ఫైలూ ఒక జీబీ దాటకూడదు. జీబీ నిండగానే తెంచి తర్వాతి ఫైలు మొదలుపెడతారు. ఆ తెంపుకూ కథకూ సంబంధం లేదు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పక్కనే ఉండే చిన్న ఐఎఫ్‌ఓ ఫైళ్లలో రాసి ఉంటుంది. నేనేమో చిన్నవి కదా అని వాటిని కాపీనే చేయలేదు.

రెండో రాత్రి నుంచి మేక్‌ఎంకేవీ అనే సాఫ్ట్‌వేర్ వాడాను. అది ఆ ఐఎఫ్‌ఓలు చదివి, డిస్కులో ఉన్న టైటిళ్లన్నీ, అంటే విడిగా ఆడే వీడియోలన్నీ, నిడివితో సహా చూపిస్తుంది. మనకు కావలసినవాటికి టిక్ పెడితే ఒక్కోదాన్నీ ఎంకేవీ అనే రకం వీడియో ఫైలుగా రాసి ఇస్తుంది. వీడియోను మళ్లీ కుదించదు, డిస్కులో ఉన్నది ఉన్నట్టే తీస్తుంది. రెండు నిమిషాల కన్నా చిన్న టైటిళ్లను మామూలుగా అదే వదిలేస్తుంది. నేను ఆ హద్దును 1200 సెకన్లకు పెంచాను, దాంతో మెనూ ముక్కలు, ప్రకటనలు లిస్టులోంచి పోయాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొన్న డిస్కులకు చాలావాటికి కాపీ చేసుకోకుండా సీఎస్‌ఎస్ అనే తాళం ఉంటుంది. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ఇలాంటి తాళాల గురించే. మా సెట్‌కు తాళం లేదు. డబ్బు పెట్టి కొన్నది, చూసేది మా ఇంట్లో. పెన్‌డ్రైవ్‌లో వేసివ్వమని ఇద్దరు ముగ్గురు చుట్టాలు అడిగారు, కుదరదని చెప్పాను.

మొదటి డిస్కులు సులభంగా వచ్చాయి. లిస్టులో 45 నిమిషాల చొప్పున ఆరు టైటిళ్లు, పైన నాలుగున్నర గంటల టైటిల్ ఒకటి. ఆ పెద్దది, మెనూలో 'ప్లే ఆల్' నొక్కితే ఆడేది. ఆ ఆరు ఎపిసోడ్లే వరుసగా అందులోనూ ఉంటాయి కాబట్టి దానికి టిక్ తీసేశాను. ఎపిసోడ్‌కు 1.3 జీబీ దాకా వచ్చింది. నాలుగు డిస్కులు అలా రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. ఇంతేనా అనిపించింది.

ఐదో డిస్కుకు వచ్చేసరికి నాలుగున్నర గంటల టైటిల్ ఒక్కటే ఉంది. చిన్నవి లేవు. ఆరు ఎపిసోడ్లు అతుక్కుని ఒకే ముద్దగా ఉన్నాయి. ముందు వీడియోను చేత్తో జరుపుతూ టైటిల్ పాట ఎక్కడ వస్తుందో వెతికి సమయాలు కాగితం మీద రాసుకున్నాను. ఒక డిస్కుకు గంటన్నర పట్టింది, అయినా ఒకచోట పాట మొదటి అక్షరం తెగింది. తర్వాత డిస్కు చాప్టర్ల (టైటిల్ లోపలి చిన్న భాగాల) లిస్టు ముందేసుకుని ఊరికే చూస్తూ కూర్చున్నప్పుడు కనిపించింది. చాప్టర్ల నిడివి ఒక్కోటి ఒక్కోలా ఉంది, ఏడు నిమిషాలు, పది నిమిషాలు అని. కానీ ప్రతి ఐదు చాప్టర్లకు ఒకటి మాత్రం సెకన్లతో సహా ఒకే నిడివి. 1, 6, 11, 16, 21, 26. అది మహేంద్ర కపూర్ పాడిన టైటిల్ పాట! అన్ని ఎపిసోడ్లకూ అదే పాట, అదే నిడివి. అంటే ఆ చాప్టర్ ముందు కోస్తే సరిగ్గా ఎపిసోడ్ మొదలు.

ఎంకేవీ ఫైళ్లను కోసే సాఫ్ట్‌వేర్ ఎంకేవీటూల్‌నిక్స్‌లో చాప్టర్ అంకెల ముందు విడగొట్టే ఏర్పాటు ఉంది. 6, 11, 16, 21, 26 అని రాసి బటన్ నొక్కితే రెండు నిమిషాల్లో ఆరు ఫైళ్లు వచ్చాయి. పాట ఒక్క అక్షరం కూడా పోలేదు. దానికి కారణం ఉంది. డిస్క్ తయారుచేసేటప్పుడు చాప్టర్ మొదలయ్యే చోట పూర్తి బొమ్మ ఉన్న ఫ్రేము పెడతారు, మిగతా ఫ్రేముల్లో చాలావరకు ముందు వెనకల తేడాలే ఉంటాయి. పూర్తి బొమ్మ దగ్గర కోస్తేనే కోత శుభ్రంగా వస్తుంది. నేను చేత్తో కోసినప్పుడు ఆ చోటు తప్పింది. ఆ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని నాలుగు డిస్కులు ముగించాను. ఇంత చిన్న విషయానికి అంత సంతోషం ఎందుకో నాకే తెలియదు, కానీ నిద్ర పట్టలేదు.

యుద్ధం ఉన్న డిస్కుల్లో మళ్లీ విడివిడి టైటిళ్లు వచ్చాయి. లిస్టులో ఉన్న వరుసలోనే అంకెలు వేసుకుంటూ పోయాను. ఒకరోజు మధ్యాహ్నం సరిచూద్దామని ఒక ఎపిసోడ్ పెట్టాను. నాయన భోజనం చేస్తూ చూస్తున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, కలిపిన ముద్ద చేతిలోనే ఆగింది.

"ఒరే, ఇదేందిరా? భీష్ముడు ఇంకా పడనే లేదు గదా, ద్రోణుడు సేనాపతి ఎట్లయ్యె?"

"వరుసగానే పెట్టినా నాయనా."

"ఏం వరుసరా? భీష్ముడు పది దినాలు, ద్రోణుడు ఐదు, కర్ణుడు రెండు, శల్యుడు సగం. ఇదీ వరుస. ముందు ఆ పెద్దాయన్ను అంపశయ్య మీద పండుకోబెట్టు, తర్వాత ఇది పెట్టు."

వెంటనే డిస్క్ మళ్లీ పెట్టి చూశాను. ప్లే ఆల్ టైటిల్‌లో ఆరు ఎపిసోడ్ల వరుస ఒకటి, విడి టైటిళ్ల వరుస ఇంకొకటి. టైటిల్ అంకె అంటే డిస్క్ తయారుచేసినవాళ్లు ఏది ముందు ఎక్కించారో ఆ అంకె, కథ వరుస కానక్కర్లేదు. మెనూలోంచి చూసేవాళ్లకు ఈ తేడా తెలియదు, ఎందుకంటే మెనూ సరైనదాన్నే పిలుస్తుంది. అప్పటి నుంచి ప్లే ఆల్‌లో ఒక్కో ఎపిసోడ్ నిడివి రాసుకుని, విడి ఫైళ్ల నిడివితో సెకన్ల వరకు పోల్చి అంకె వేశాను. ఇంకో డిస్కులో కూడా ఇదే తేడా దొరికింది. ప్లే ఆల్ టైటిల్ పనికిరాదని అంతకుముందు అనుకున్నాను. ఫైలుగా అక్కర్లేదు కానీ, వరుసకు అదే సాక్ష్యం.

ఆ తర్వాత నాయన రోజూ నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నేను ఫైలు తెరిస్తే నాలుగు మాటలు విని ఇది ఫలానా ఘట్టం అని చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. అన్ని సాఫ్ట్‌వేర్లు కలిపి చేసిన పని కన్నా ఆయన చేసిన పనే ఎక్కువని నా లెక్క.

తొమ్మిదో డిస్క్ మాత్రం ఏడిపించింది. అంచు దగ్గర గీతలు పడ్డాయి, మేక్‌ఎంకేవీ సగంలో ఆగిపోయింది. సబ్బు నీళ్లతో మెత్తటి బట్ట తడిపి, మధ్య నుంచి అంచుకు నేరుగా తుడిచాను. గుండ్రంగా తుడవకూడదు, ట్రాక్ వెంబడి గీత పడితే డ్రైవ్ సరిచేసుకోలేదు. ఫలితం కొంచెం కనిపించింది. తర్వాత పాడైన డిస్కుల్లోంచి డేటా తీసే డీడీరెస్క్యూ పెట్టాను. అది చదవగలిగినదంతా ముందు చదివేసి, రానిచోట్లను ఒక మ్యాప్ ఫైలులో గుర్తు పెట్టుకుని, మళ్లీ మళ్లీ అక్కడికే పోయి ప్రయత్నిస్తుంది. మొదటి రాత్రి 40 ఎంబీ రాలేదు. స్నేహితుడి దగ్గర ఇంకో డ్రైవ్ అడిగి తెచ్చి అదే మ్యాప్‌తో కొనసాగిస్తే మూడో రాత్రికి 3 ఎంబీ మిగిలింది. అంటే ఆరేడు సెకన్లు. అంతకన్నా రాలేదు.

మిగిలింది కుదించడం. పాత టీవీ కార్యక్రమం కాబట్టి ఒక్కో ఫ్రేము సరి గీతలు, బేసి గీతలు అని రెండు సగాలుగా ఉంటుంది. అలాగే ఆడిస్తే రథచక్రం వేగంగా తిరిగేటప్పుడు దాని అంచు దువ్వెన పళ్లలా చీలిపోయి కనిపిస్తుంది. వీడియోను కుదించే హ్యాండ్‌బ్రేక్‌లో, ఆ చీలికలు సరిచేసే డీకోంబ్ పెట్టి, తక్కువ చోటు పట్టే హెచ్.264 రకంలోకి మార్చాను. బొమ్మ నాణ్యత అంకె 18 పెట్టాను, అది ఎంత తగ్గితే బొమ్మ అంత బాగుంటుంది, ఫైలు అంత పెద్దదవుతుంది. ఎపిసోడ్ అర జీబీకి వచ్చింది, పక్కపక్కన పెట్టి చూసినా తేడా తెలియలేదు. ఒక్కోదానికి అరగంట. మా ఎండలకు పగలు ల్యాప్‌టాప్ పెట్టే పని లేదు, ఫ్యాను అరుస్తుంది. అందుకే రాత్రి పదికి మొదలుపెట్టి మిద్దె మీద పడుకునేవాణ్ణి. ఆరు రాత్రుల్లో అయిపోయింది.

సర్వర్‌కు, ఈ ఫైళ్లను టీవీలో చూపించే జెల్లీఫిన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఫోల్డర్‌కు మహాభారత్ అని పేరు పెట్టి, లోపల సీజన్ 01, దాంట్లో ఎస్01ఈ01 నుంచి ఎస్01ఈ94 దాకా. టీవీలో తెరిస్తే 2013లో వచ్చిన ఇంకో మహాభారత్ పోస్టరు, దాని ఎపిసోడ్ పేర్లు వచ్చాయి. నాయన ఆ బొమ్మ చూసి "ఈ కృష్ణుడు మన కృష్ణుడు కాదే" అన్నాడు. తప్పు నాదే, సంవత్సరం రాయలేదు. ఫోల్డర్ పేరు మహాభారత్ (1988) అని మార్చి మళ్లీ స్కాన్ చేస్తే నితీశ్ భరద్వాజ్ వచ్చాడు. ఒకసారి కరెంటు పోయి వచ్చాక టీవీకి సర్వర్ దొరకలేదు, రౌటర్ ల్యాప్‌టాప్‌కు కొత్త అడ్రస్ ఇచ్చింది. రౌటర్ సెట్టింగ్స్‌లో ఆ అడ్రస్‌ను ల్యాప్‌టాప్‌కే కేటాయించాక మళ్లీ ఆ ఇబ్బంది రాలేదు.

ఇప్పుడు నాయన రిమోట్‌లో ఒకే బటన్ నొక్కుతాడు. నిన్న ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలవుతుంది. తొమ్మిదో డిస్కులోని ఆ ఎపిసోడ్‌లో విదురుడు సభలో మాట్లాడుతుండగా ఆరేడు సెకన్లు బొమ్మ బిగుసుకుపోతుంది, మాట రాదు. మొన్న మా పాప "ఏమన్నాడు జేజినాయనా?" అని అడిగితే, విదురుడి మాట తెలుగులో ఆయనే చెప్పాడు, బొమ్మ కదిలేదాకా. ఆ ఫైలు పక్కన ఒక గుర్తు పెట్టుకున్నాను. ఆ సెట్‌లో బాగున్న తొమ్మిదో డిస్క్ ఎక్కడైనా దొరికితే కొనాలి.