తలుపు ఉన్న గది

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించిన కొద్ది రోజులకే మా ఇల్లు రెండు ఆఫీసులుగా, ఒక బడిగా మారింది. తలుపు వేసుకోవడానికి వీలున్న గది ఒక్కటే. అది మా వారికి దక్కింది. ఆయన జీతం ఎక్కువ కనుక ఆయన పనికి అంతరాయం కలగకూడదని, ఒక్క మాటైనా అనుకోకుండానే ఇద్దరమూ ఒప్పేసుకున్నాం. నేను వంటగట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని, నా వంతు వచ్చినప్పుడు పొయ్యి మంట తగ్గించి, మ్యూట్ తీసి, చెప్పవలసింది రెండు ముక్కల్లో ముగించి, బాబు ఆన్‌లైన్ పాఠం దగ్గరికి పరుగెత్తేదాన్ని.

ఆ ఏడాది పనితీరు సమీక్షలో నాకు ‘అందుబాటు తక్కువ’ అని రాశారు. జీతం పెంపు నామమాత్రమైంది. ఏటా వచ్చే పెంపును అంతకుముందు జీతం మీదే లెక్కిస్తారు కనుక, ఆ ఒక్క ఏడాది తరుగు ఆ తరువాతి ప్రతి ఏడాదిలోనూ కొనసాగుతుంది. తక్కువ జీతం కాబట్టి నేను తగ్గాను. తగ్గాను కాబట్టి జీతం ఇంకా వెనకబడింది.

నాకు ఉద్యోగమైనా మిగిలింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల ప్రకారం 2019తో పోలిస్తే 2020లో ప్రపంచవ్యాప్తంగా స్త్రీల ఉపాధి 4.2 శాతం పడిపోగా, పురుషులది 3 శాతం తగ్గింది. హోటళ్ళు, దుకాణాలు, ఇంటిపని వంటి స్త్రీలు ఎక్కువగా ఉండే కొలువులే ముందు మూతపడ్డాయి. ఇంకోవైపు, ఆరోగ్య, సంరక్షణ రంగాల సిబ్బందిలో దాదాపు 70 శాతం స్త్రీలే కావడంతో, వారు ఇల్లు వదిలి రోగుల దగ్గరకు వెళ్ళక తప్పలేదు.

ప్రపంచంలో జీతం లేని సంరక్షణ పనిలో నాలుగింట మూడొంతులకు పైగా స్త్రీలే చేస్తున్నారని అదే సంస్థ 2018లోనే, అంటే మహమ్మారికి ముందే, తేల్చింది. బడులు మూసినప్పుడు పెరిగిన పని కూడా అప్పటికే మోస్తున్నవారి మీదే పడింది. అందుకే బడులను, శిశు సంరక్షణ కేంద్రాలను రోడ్లు, విద్యుత్తులా అత్యవసర వ్యవస్థలుగా చూడాలని, సంరక్షణ సెలవులో తండ్రి వాటాను తల్లికి బదలాయించే వీలు లేకుండా చట్టం చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆ రోజుల్లో మా వారికి అలాంటి సెలవు ఉండి ఉంటే, గది ఎవరిదన్న విషయం మేము కనీసం ఒకసారి కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం.