కోపు మారేముందే పిలుపు

కోలాటంలో ఒక్కో అడుగుల వరుసను కోపు అంటాం. ఎనిమిది దెబ్బల కోపులో ఆరో దెబ్బకు నేను నోరు తెరుస్తాను. ఏడు, ఎనిమిది పడేలోగా ‘లోపలికి’ అన్న మాట పూర్తయిపోవాలి. అప్పుడే మళ్ళీ ఒకటో దెబ్బకు అందరి అడుగూ కలిసి లోపలికి పడుతుంది. ఎనిమిది అయ్యాక చెబితే చురుకైనవాళ్ళు నలుగురు కదులుతారు, తక్కినవాళ్ళు వాళ్ళ కాళ్ళ వంక చూస్తూ నిలబడతారు. కోలాటం నేర్పడంలో నా పని చాలావరకు ఆ రెండు దెబ్బల మధ్యే ఉంది.

మాది మదనపల్లె దగ్గర పల్లె. మా రామాలయం ముందు మగవాళ్ళు చెక్కభజన వేసేవాళ్ళు, మా నాన్న గురువు. ఆ రాత్రి ఏ అడుగు తర్వాత ఏ అడుగు వస్తుందో ఆయనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. ఆయన కేక వేస్తే అడుగు మారేది, అంతే. పెళ్ళయి బెంగళూరు వచ్చాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక రామమూర్తి నగర్‌లో మా గుడి ఆవరణలోనూ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలోనూ ఆడవాళ్ళకు కోలాటం నేర్పుతున్నాను.

ఇక్కడ అందరూ అడిగేది ఒకటే. “ఆంటీ, సంక్రాంతి ప్రోగ్రాంకి ఒక పాట సెట్ చేసిపెట్టండి.” అయిదు నిమిషాల పాట, దానికి నెలరోజుల ప్రాక్టీసు. స్టేజీ మీద చూడముచ్చటగానే ఉంటుంది. మర్నాడు కోలలు అటకెక్కుతాయి. పాట మారిస్తే ఒక్క కోపూ వెయ్యలేరు. ఒకరికి జ్వరమొస్తే ఆమె ఉద్దికి, అంటే ఆమెతో జతగా ఆడే మనిషికి, ఆట లేదు. కొత్తగా ఫ్లాట్‌లో దిగినామె కుర్చీలో కూర్చుని చప్పట్లు కొట్టాల్సిందే. అదే నాకు బాధ. కోలాటం చూడ్డానికి వచ్చిన మనిషి కూడా చేతికి కోలలిస్తే వలయంలోకి రాగలగాలి. అందుకు పాటను కంఠతా పట్టించడం కాదు, పిలుపు వినడం నేర్పాలి.

ఈ మాట గట్టిగా అనే ధైర్యం నాకు అమెరికాలోని డెన్వర్‌లో వచ్చింది. కోడలి కాన్పుకు వెళ్ళినప్పుడు పక్కింటావిడ నన్ను వాళ్ళ స్క్వేర్ డాన్స్ క్లబ్బుకు తీసుకెళ్ళింది. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రం 1992లో ఈ ఆటనే తన జానపద నృత్యంగా ప్రకటించుకుంది. నాలుగు జంటలు, ఎనిమిది మంది, చదరంగా నాలుగు వైపులా నిలబడతారు. మైకు దగ్గర ఒకాయన ఉంటాడు, ఆయన్ని కాలర్ అంటారు. ఆయనకు వీపు పెట్టి నిలబడ్డది ఒకటో జంట, వాళ్ళ కుడిచేతి వైపు నుంచి వరుసగా రెండు, మూడు, నాలుగు. ఇక ఆయన పిలుస్తూ పోతాడు, వాళ్ళు ఆడుతూ పోతారు. తర్వాత ఏం రాబోతుందో ఎవరికీ తెలియదు. ముందున్న పని ముగియక మునుపే తర్వాతి పిలుపు చెవిన పడుతుంది, అడుగు ఎక్కడా తెగదు. నాకు మా నాన్నే గుర్తొచ్చాడు.

వాళ్ళ పిలుపుల్లో ‘రైట్ అండ్ లెఫ్ట్ గ్రాండ్’ అని ఒకటుంది. తన జతకు కుడిచెయ్యి ఇచ్చి దాటాలి, ఎదురొచ్చినవారికి ఎడమచెయ్యి, ఆ తర్వాతివారికి కుడి. సగం మంది ఇటు, సగం మంది అటు. చూడగానే అనుకున్నాను, పట్టీలు లేవన్న మాటే కానీ ఇది రంగు పట్టీల్ని జడలా అల్లే మన జడకోలాటం నడకే కదా!

కాలర్‌ని ఖాళీ దొరికినప్పుడు అడిగాను, అందర్నీ కలగాపులగం చేసి మళ్ళీ ఎవరి జతకు వాళ్ళని ఎలా చేరుస్తారని. ఒకటి రెండు జంటల్ని ముందే గుర్తు పెట్టుకుంటాడట. వాళ్ళు ఎక్కడున్నారో కనిపెడుతూ, వాళ్ళు కలిసే దారిలో పిలుస్తాడట, దాంతో మిగతావాళ్ళూ సర్దుకుంటారు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను. సాయంత్రం క్లాసు మొదలవగానే లోపలి వలయంలో ఒకామెను, బయటి వలయంలో ఆమె ఉద్దిని చూసి పెట్టుకుంటాను. చీర రంగులు కొట్టొచ్చినట్టుంటే నాకు మరీ సులువు.

పిలుపుతో పని ఎక్కువగా పడేది ఊరేగింపులో. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు కోలాటం వేసే బృందాల్ని చూసినవాళ్ళకు ఇది తెలుసు. వాహనం హారతికి ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఆగుతుందో ముందుగా చెప్పలేం. ఆగితే వలయం కట్టాలి, కదిలితే వెంటనే రెండు వరుసలు కావాలి. కంఠతా పట్టిన అయిదు నిమిషాల పాట మాడవీధిలో దేనికి పనికొస్తుంది?

జడకోలాటంలో అయితే పిలుపు లేకపోతే చిక్కే. పైన కొక్కేనికి రంగు పట్టీలు కడతాం, మనుషులు సరిసంఖ్యలో ఉండాలి. ఒక చేతిలో పట్టీ, ఇంకో చేతిలో కోల. సగం మంది అటు, సగం మంది ఇటు నడుస్తూ ఎదురొచ్చినవారిని ఒకసారి బయటి నుంచి, ఒకసారి లోపలి నుంచి దాటాలి. జడ పైనుంచి అల్లుకుంటూ దిగుతుంది. విప్పేటప్పుడు చివర దాటినవారిని మొదట దాటుతూ వెనక్కి పోవాలి. ఎవరైనా వరుసగా రెండుసార్లు బయటి నుంచే పోయారనుకోండి, అల్లికలో ఒకచోట పట్టీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కంటపడగానే ‘నిలు’ అంటాను. పట్టీ లాగకూడదు, వదలకూడదు, అక్కడే నిలబడి కోలతో తాళం వేస్తుండాలి. ‘వెనక్కి ఒకటి’ అంటే అందరూ ఒక దాటు వెనక్కి. ఉబ్బు విడిపోయేదాకా అలాగే, ఆ తర్వాత మళ్ళీ ముందుకు. పాట ఆపే పనే లేదు. ఇది నేర్చుకున్న బృందానికి జడంటే భయం పోతుంది.

డెన్వర్‌లో చూసిన ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు. అక్కడ కూడా ఒకప్పుడు ఊరికో తీరు, కాలర్‌కో పద్ధతి. 1974లో కాలర్లు కాలర్‌ల్యాబ్ అనే సంఘం పెట్టుకుని, ఏ పిలుపుకు ఏం చెయ్యాలో రాసుకున్నారు, మొదట నేర్పాల్సినవి ఏవి, తర్వాతవి ఏవి అని జాబితాలు వేసుకున్నారు. అందుకే జపాన్‌లో నేర్చుకున్న మనిషి జర్మనీలో ఏ క్లబ్బుకు వెళ్ళినా నిలబడి ఆడగలడు, పిలుపులు మాత్రం అంతటా ఇంగ్లీషులోనే. నా పిలుపులూ తెలుగులోనే ఉంటాయి. మా గుడికి వచ్చే కన్నడం వాళ్ళు, తమిళం వాళ్ళు ఇట్టే పట్టేస్తున్నారు.

మనకు ఆ జాబితా లేదు. పోయిన ఉగాదికి మా బృందమూ వైట్‌ఫీల్డ్ వైపు నుంచి వచ్చిన బృందమూ కలిసి ఒకే వలయం కట్టాం. నేను ‘ఎదురు కోపు’ అన్నాను. మావాళ్ళు పక్కకు తిరిగి మూడో దెబ్బకు ఎదుటివారి కోల అందుకున్నారు, వాళ్ళు ఒకటో దెబ్బకే నేరుగా ఎదుటివారి కోల కొట్టారు. ఎవరి గురువు నేర్పినట్టు వాళ్ళు చేశారు, ఇద్దరిదీ సరైనదే.

అందుకే ఇప్పుడు నోటు పుస్తకంలో రాస్తున్నాను. కోపు పేరు, ఎన్ని దెబ్బలు, ఏ కాలు ముందు, ముగిసేసరికి ఎదురుగా ఎవరుండాలి. ఊళ్ళో ఉన్న కోపులన్నీ అక్కర్లేదు, బెంగళూరులో తెలుగు బృందాలు కలిసి ఆడటానికి ఇరవై చాలు. చిత్తూరు తీరు గొప్పదా, గోదావరి తీరు గొప్పదా అన్న పంచాయితీ నాకు వద్దు. ఎవరి పండక్కి వాళ్ళు తమ తీరులో వేసుకోవచ్చు, కలిసినప్పుడు మాత్రం ఈ ఇరవై.

ఆ వైట్‌ఫీల్డ్ బృందానికి నేర్పే అక్కయ్య వచ్చే ఆదివారం మా ఇంటికి వస్తున్నారు. ఎదురు కోపు ఆమె పద్ధతిలోనే ఉంచుదామని చెప్పబోతున్నాను. ఒకటో దెబ్బకే ఎదుటివారి కోల తగిలితే కొత్తవాళ్ళకు తమ ఉద్ది ఎవరో అప్పుడే తెలిసిపోతుంది. మావాళ్ళకు మళ్ళీ నేర్పాలి, నేర్పుతాను.