పచ్చని గోడ వెనక

దుబాయ్‌లో నేను గోడలకు నీళ్లు పెడతాను. ఆఫీసు టవర్లలో, హోటళ్ల లాబీల్లో నేల నుంచి పైకప్పు దాకా మొక్కలతో కప్పిన గోడలు ఉంటాయి. వాటిని బతికించే సిబ్బందిలో నేనొకణ్ణి. ఈ పని ఏమిటో అమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు సెలవులు పట్టాయి. "గోడలో మొక్క వేళ్లు ఎక్కడ దిగుతాయిరా?" అని అడిగింది. మాది కడియం దగ్గర పల్లె, ఇంటి వెనకంతా నర్సరీయే. ఆమె చేత్తో కవర్లలో నాటిన మొక్కలు లారీలెక్కి దేశమంతా వెళ్లాయి. మట్టి లేని మొక్క అంటే ఆమెకు నమ్మకం కుదరలేదు. చివరికి మా పాత బావిని గుర్తుచేశాను. లోపలి రాళ్ల సందుల్లో, చెంచాడు మట్టి కూడా లేని చోట, ఫెర్న్ మొక్కలు ఎంత పచ్చగా వేలాడేవో అడిగాను. "అక్కడ ఎప్పుడూ చెమ్మ ఉంటుంది కదా" అంది. అదేనమ్మా నా ఉద్యోగం, ఆ చెమ్మ ఆరకుండా చూడటం అన్నాను.

ఈ ఆలోచనకు తొంభై ఏళ్ల వయసు దగ్గరపడుతోంది. అమెరికాలో స్టాన్లీ హార్ట్ వైట్ అనే ప్రొఫెసర్ 1938లోనే మొక్కల గోడకు పేటెంట్ పొందాడు. దాన్ని ప్రపంచమంతా చూసేలా చేసింది మాత్రం ఫ్రాన్స్ వృక్షశాస్త్రవేత్త పాట్రిక్ బ్లాంక్. ఉష్ణమండల అడవుల్లో రాళ్లమీద, చెట్ల కాండాల మీద మట్టి లేకుండా పెరిగే మొక్కల్ని గమనించి, వాటినే గోడ మీదికి తెచ్చాడు. మేము కట్టే గోడల్లోనూ చాలావరకు ఆయన పద్ధతే. అసలు గోడకు కాస్త ఎడంగా ఒక లోహపు చట్రం, దాని మీద నీరు పీల్చని పలక, పలక మీద రెండు పొరల ఫెల్ట్, అంటే నీరు పీల్చే దళసరి గుడ్డ. పై పొరను కోసి, ఆ జేబులో మొక్కను వేళ్లతో సహా దోపుతాం. పైన అడ్డంగా సన్నని చిల్లుల గొట్టం ఉంటుంది. మోటారు రోజుకు కొన్నిసార్లు ఎరువు కలిపిన నీళ్లను అందులోకి తోస్తుంది. గుడ్డ తడుస్తూ నీరు కిందికి జారి, అడుగున తొట్టిలో చేరుతుంది.

చెప్పడానికి ఇంతే. చేతికి తెలిసేది వేరు. నీరు పల్లమెరుగు కాబట్టి గోడ పైభాగం ఎప్పుడూ ముందు ఆరుతుంది, అడుగుభాగం ఎప్పుడూ నానుతుంది. ఈ సంగతి తెలియకుండా గీసిన డిజైన్లు ఎన్నో చూశాను. ఫెర్న్‌ని పైన పెడతారు, అది మాడుతుంది. దళసరి ఆకుల హోయాని కింద పెడతారు, అది కుళ్లుతుంది. నేనైతే పైన మనీ ప్లాంట్, హోయా, కింద ఫెర్న్, పీస్ లిల్లీ పెడతాను. రోజూ పొద్దున్నే నిచ్చెనెక్కి మూడు వేళ్లు గుడ్డకు ఆనిస్తాను. గట్టిగా నొక్కితే నీరు ఊరకూడదు, ఎత్తిన వేళ్లకు చల్లదనం మిగలాలి. తేమ కొలిచే మీటరు ఇచ్చారు, అదీ వాడతాను. కానీ నా వేళ్లూ మీటరూ వేర్వేరుగా చెప్పినప్పుడు వేళ్ల మాటే వింటాను.

దుబాయ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఎండాకాలంలో బయట నలభై అయిదు డిగ్రీలు, లోపల ఇరవై రెండు. మనుషులకు హాయిగా ఉండే ఆ ఏసీ గాలి మొక్కకు ఎడారి గాలే. పొడిగాలిలో ఎర్రనల్లి విరగబడుతుంది. ఆకు అడుగున సన్నని బూజులాంటి గూడు కనిపించేసరికి సగం ఆలస్యమైనట్టే. పిండినల్లి అయితే తొడిమ దగ్గర దూదిలా కూర్చుంటుంది. రాత్రి ఆఫీసు ఖాళీ అయ్యాక స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక్కో తొడిమా తుడుస్తాం. వేపనూనె కొట్టాలన్నా రాత్రే కొట్టాలి, ఆ వాసన అందరికీ పడదు.

ఒక ఈద్ సెలవుల్లో జరిగింది ఇప్పటికీ మనసులో మెదులుతుంది. ఒక ఆఫీసు వాళ్లు కరెంటు పొదుపు కోసం లాబీలో కొన్ని స్విచ్‌లు ఆపి వెళ్లారు. అందులో మా మోటారు స్విచ్ కూడా పోయింది. ఫెల్ట్ గోడలో మట్టి ఉండదు కాబట్టి నీటి నిల్వ అంటూ ఏమీ ఉండదు. నాలుగు రోజుల తరవాత తలుపు తీసేసరికి గోడంతా ఎండుగడ్డి వాసన. రెండేళ్లుగా నేను పేరుపేరునా ఎరిగిన మొక్కలు. కడియంలో తుపానుకు మడులు మునగడం చూశాను, అప్పుడు ఏడ్చింది నాన్న. ఇక్కడ నాకు కన్నీళ్లు వచ్చాయి. చూసుకోలేదన్న నింద మా మీదే పడింది, కొత్త మొక్కల ఖర్చులో కొంత మా జీతాల్లోంచి కోశారు. అప్పటి నుంచి నేను వెళ్లే ప్రతి చోటా మోటారు స్విచ్ పైన అరబిక్, ఇంగ్లిష్, హిందీల్లో "ఆపవద్దు" అని రాసి అంటిస్తాను. సెలవుకు ముందు గార్డు దగ్గరికి వెళ్లి ఆ స్విచ్ చూపించి వస్తాను.

ఆ ఆఫీసు వాళ్లు తరవాత మొక్కలు వద్దన్నారు. నాచు గోడ పెట్టించుకున్నారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ అది బతికి ఉన్నది కాదు. ఎక్కువగా ఉత్తర ఐరోపా నుంచి వచ్చే రెయిన్‌డీర్ మాస్, నిజానికి నాచు కూడా కాదు, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్. దాన్ని గ్లిజరిన్‌లో నానబెట్టి రంగు అద్దుతారు. నీళ్లు వద్దు, వెలుతురు వద్దు. మొదట్లో నాకు అదంటే కోపం ఉండేది. ఇప్పుడు లేదు. చూసుకునే మనిషి లేని చోట మొక్కను పెట్టి చంపడం కంటే అదే నయం. పైగా ఈ ఊరి మంచినీళ్లు దాదాపు అంతా సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసి చేసినవి. ప్రతి బకెట్టు వెనకా బోలెడు ఇంధనం ఉంది. వచ్చిన నీటిని వచ్చినట్టే కాలువలోకి వదిలేసే గోడను పర్యావరణానికి మేలు అని పిలవడానికి నాకు నోరు రాదు. తొట్టిలో చేరిన నీటిని మళ్లీ పైకి పంపే ఏర్పాటు ఉందా అని నేను మొదట అడిగేది అందుకే.

"ఇది గాలిని శుభ్రం చేస్తుందా?" అని లిఫ్టు కోసం నిలబడ్డవాళ్లు అడుగుతుంటారు. మొక్కలు గాలిలోని విషవాయువుల్ని తగ్గిస్తాయని చెప్పిన 1989 నాటి నాసా పరిశోధన మూసిన పెట్టెల్లో చేసింది. ఆఫీసు అలాంటి పెట్టె కాదు. 2019లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, బయటి గాలి రాకపోకలతో సమానంగా మొక్కలు పని చేయాలంటే చదరపు మీటరు నేలకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. కాబట్టి అంత లేదండీ అని నిజమే చెబుతాను. వాళ్లు ఒక నిమిషం ఎక్కువసేపు నిలబడి ఆకు తాకి వెళతారు, నాకు అది చాలు.

ఈమధ్య కొందరు గోడ మొత్తం మొక్కలతో నింపకుండా, కొంత మేర బంకమట్టి పూత, కొంత బెండు (కార్క్) పలకలు, మధ్యలో నాలుగైదు వరసల కుండీలు అడుగుతున్నారు. నాకు నచ్చిన పద్ధతి ఇదే. బెండును పోర్చుగల్‌లో ఓక్ చెట్టు బెరడు నుంచి తీస్తారు. చెట్టును నరకరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రం ఒలుస్తారు. మట్టి పూత గదిలో తేమ ఎక్కువైతే పీల్చుకుని, తగ్గితే వదులుతుంది. ఆ పూత పూస్తున్న ఇటాలియన్ మేస్త్రీ దగ్గర నిలబడితే, పండక్కి ముందు మా అమ్మమ్మ మట్టిగోడను పేడతో అలికి ఎర్రమన్నుతో అంచు దిద్దడం కళ్ల ముందు ఆడింది. చెయ్యి తిప్పే తీరు అచ్చం అదే, మోచెయ్యి కదలకుండా మణికట్టుతో విల్లులా.

ఈ కుండీల్లో వేసేది కొబ్బరిపొట్టు. అయిదు కిలోల ఇటుకను నీళ్లలో వేస్తే ఉబ్బి డెబ్బై లీటర్ల దాకా అవుతుంది. ఉప్పు పోయేలా రెండు మూడు సార్లు కడగాలి. టవర్ వెనక సరుకు దించే చోట మొదటిసారి దాన్ని నానబెట్టినప్పుడు లేచిన వాసనకు కాసేపు అలాగే నిలబడిపోయాను. కోనసీమ కాలవల్లో పీచు నానేసే రేవుల పక్కనుంచి సైకిల్ మీద వెళ్లిన రోజులు కళ్లముందుకు వచ్చాయి. సంచి మీద ఇండియా అనే ఉంది, ఏ ఊరో రాయలేదు.

మేముండే కార్మికుల క్యాంపు గదిలో ఆరుగురం. గోడకు మేకు కొట్టనివ్వరు. అందుకే మంచాల ఇనప కమ్మీలకు కొబ్బరితాడుతో గాజుసీసాలు కట్టి, పనిలో కత్తిరించి పారేసే మనీ ప్లాంట్ ముక్కల్ని అందులో వేశాను. నీళ్లు కొనే పని లేదు. ఏసీ గొట్టం కింద బకెట్టు పెడితే ఉక్కపోత నెలల్లో రోజూ నిండుతుంది. అందులో ఉప్పు ఉండదు కనుక వేళ్లు తెల్లగా, శుభ్రంగా వస్తాయి.

జగిత్యాల నుంచి వచ్చిన అన్న నా పై మంచంలో ఉండేవాడు. ఇనుము కట్టే పని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం కదా, ఆ రెండున్నర గంటలూ సైట్‌లో షెడ్డు కింద పడుకునేవాడు. సాయంత్రం వచ్చి బూట్లు విప్పకముందే సీసా తిప్పి చూసేవాడు. "తమ్ముడూ, ఇయ్యాళ ఇంకో ఆకు విచ్చింది చూడు" అనేవాడు. పదిహేడేళ్ల తరవాత మొన్న మార్చిలో ఇంటికి వెళ్లిపోయాడు. సీసా తీసుకుపొమ్మంటే వద్దన్నాడు, పైమంచం వాడికి ఉంచమన్నాడు.

ఆ మంచంలోకి నిర్మల్ కుర్రాడు వచ్చాడు. మొదటిసారి దేశం దాటడం. వచ్చిన రాత్రి మాట్లాడలేదు, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండో రోజు "అన్నా, దీనికి నీళ్లు ఎవరు పోస్తారు?" అని అడిగాడు. బకెట్టు చూపించి, వేళ్లు మునిగేంతవరకే పొయ్యమన్నాను.